గెలిచిన పుంజునే కోశారు

కృష్ణా డెల్టాలో ఆటల పరిశ్రమ ఏడాదికి మూడు రోజులే నడుస్తుంది. భోగి పొద్దున మొదలై కనుమ రాత్రికి సర్దేస్తారు. ఆ మూడు రోజుల హంగు మాత్రం ఏ అమెరికా కంపెనీకీ తీసిపోదు. ఫ్లడ్‌లైట్లు, ఎల్‌ఈడీ తెరలు, పెద్దమనుషులకు సోఫాలు, నెత్తిమీద తిరిగే డ్రోన్లు, గెలిచినవాడికి బుల్లెట్ బండి. కోడిపందేలు కూడదని హైకోర్టు 2016 డిసెంబరులోనే గట్టిగా చెప్పింది. అందుకని పోలీసులు ఏటా పండక్కి ముందు కత్తులు పట్టుకుంటారు, కత్తులు కట్టేవాళ్ళని బైండోవర్ చేస్తారు, ఊరి మొదట్లో హెచ్చరిక ఫ్లెక్సీ కడతారు. భోగినాడు ఆ ఫ్లెక్సీ కిందే కారు ఆపుకుని జనం బరిలోకి నడుస్తారు. కొత్తవాళ్ళకి దారి కనుక్కోవడం తేలికైందని అంటారు కూడా.

ఎంత చెడ్డా ఈ పరిశ్రమకి ఒక ధర్మం ఉంది. పుంజుకి నెలల తరబడి బాదంపప్పు, ఖైమా, ఉడకబెట్టిన గుడ్డు పెడతారు. చెరువులో ఈత కొట్టిస్తారు. బరిలో ఓడిందా, మధ్యాహ్నానికి కూర. గెలిచిందా, మళ్ళీ బాదంపప్పు. జాలీ దయా లేని లెక్కే, కానీ లెక్కంటూ ఒకటుంది. గెలిచిన పుంజుని అక్కడికక్కడే కోసి కూర వండించినవాడు డెల్టా మొత్తంలో ఇంతవరకూ పుట్టలేదు. పుట్టి ఉంటే ఇంట్లోవాళ్ళే చేయిపట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు.

వీడియో గేముల పరిశ్రమలో దాన్ని వ్యూహం అంటారు.

జపాన్‌లో టాంగో గేమ్‌వర్క్స్ అని ఒక స్టూడియో ఉండేది. 2023 జనవరిలో ‘హై-ఫై రష్’ అనే ఆట వదిలింది. పాట తాళానికి సరిగ్గా పడేలా దెబ్బలు కొట్టాల్సిన ఆట. ముందు నుంచీ ఊదరగొట్టకుండా, ప్రకటించిన రోజే చేతికిచ్చేశారు. విమర్శకులు మెచ్చారు. ఆడినవాళ్ళు మెచ్చారు. యజమాని మైక్రోసాఫ్ట్ కూడా ఇది అన్ని రకాలుగా హిట్టేనని చెప్పుకుంది. 2024 మే 7న అదే మైక్రోసాఫ్ట్ ఆ స్టూడియోకి తాళం వేసింది. తాళం వేసిన మర్నాడే ఎక్స్‌బాక్స్ స్టూడియోల పెద్ద మాట్ బూటీ సిబ్బందిని కూర్చోబెట్టి, మనకు పేరూ అవార్డులూ తెచ్చే చిన్న ఆటలు కావాలని చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది.

మా పెనమలూరు బాబాయికి ఈ సంగతి చెబితే మళ్ళీ మొదటినుంచి చెప్పించుకున్నాడు.

“ఆట గెలిచింది.”

“గెలిచింది బాబాయ్.”

“అయినా కోశారు.”

“కోశారు.”

“మర్నాడు గెలిచే పుంజులు కావాలన్నారు.”

“అన్నారు.”

“ఒరేయ్, వాళ్ళసలు ఎప్పుడైనా కోళ్ళని పెంచారా?”

ఆ మూతపడ్డ స్టూడియోని మూడు నెలలకే కొరియా కంపెనీ క్రాఫ్టన్ తీసుకుంది. క్రాఫ్టన్ అంటే ఇక్కడ ఎవరికీ తెలియకపోవచ్చు. పబ్‌జీ అంటే మా ఇంటి ఎదురు పాలకేంద్రంలో కూడా తెలుసు. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం నిషేధించినప్పుడు విజయవాడ తల్లులు కనకదుర్గమ్మకి కొబ్బరికాయలు కొట్టారే, ఆ ఆట. మరుసటి ఏడాది బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది, 2022లో మళ్ళీ పోయింది, 2023లో మళ్ళీ వచ్చింది. మనం పదేపదే తిట్టిపోసిన ఆ ఆట సంపాదించిన డబ్బే చివరికి జపాన్‌లో కొంతమంది కంచంలో అన్నం అయింది. తొందరపడి దండం పెట్టకండి. ఆ క్రాఫ్టన్ కూడా 2025లో ‘ఇకమీదట ముందు ఏఐ’ అని ప్రకటించి, ఇష్టపూర్వకంగా వెళ్ళిపోవాలనుకునే ఉద్యోగులకు గుమ్మం చూపించింది.

అసలు ఈ రోగం ఎక్కడ పట్టుకుంది? 2020, 2021ల్లో జనం ఇళ్ళల్లో ఇరుక్కుని ఆటలాడారు. వడ్డీలేమో దాదాపు సున్నా. జనం ఇక ఎప్పటికీ గుమ్మం దాటరని కంపెనీలు లెక్కలేసుకున్నాయి, మనుషుల్ని తీసుకున్నాయి, కంపెనీలు కంపెనీల్ని కొన్నాయి. 2022లో వడ్డీలు లేచాయి, జనం కూడా లేచి బయటికెళ్ళారు. అప్పటికి ఒక్కో పెద్ద ఆటకి ఇరవై, ముప్పై కోట్ల డాలర్లు, ఐదారేళ్ళ కాలం పెట్టే అలవాటు పాతుకుపోయింది. లెక్క తప్పింది సోఫాల్లో కూర్చున్నవాళ్ళది. కత్తి దిగింది బరిలో ఉన్నవాళ్ళకి. 2024 జనవరి, ఫిబ్రవరి నెలలు చూడండి: యూనిటీ 1,800 మందిని, మైక్రోసాఫ్ట్ ఆటల విభాగం 1,900 మందిని, రయట్ 530 మందిని, సోనీ ప్లేస్టేషన్ 900 మందిని, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 670 మందిని పంపించాయి. వాళ్ళకీ సంక్రాంతి సీజనే కాబోలు.

ఓడిన ఆటలు లేకపోలేదు. సోనీ వారి ‘కాంకార్డ్’ ఏళ్ళ తరబడి తయారై 2024 ఆగస్టు 23న వచ్చింది, సెప్టెంబరు 6న వెళ్ళింది. రెండు వారాలు. రెండో వారంలో పెట్టె సర్దుకున్న సినిమాలు మన విజయవాడ గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్లకి కొత్తేమీ కాదు. కానీ కొన్న ప్రతివాడికీ సోనీ డబ్బు వాపసిచ్చిందని తెలిస్తే మాత్రం గాంధీనగర్ మొత్తం లేచి నిలబడుతుంది. ఆట కొన్నవాడికి డబ్బు తిరిగొచ్చింది. ఆట చేసిన స్టూడియో అక్టోబరులో మూతపడింది.

ఇక మనవాడి సంగతికి వద్దాం. వద్దనుకున్నా బాబాయి రానివ్వడు.

సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ అధిపతి అయినప్పుడు డెల్టాలో మిఠాయిలు పంచని ఇంజినీరింగ్ కాలేజీ లేదు. వాళ్ళ మూలాలు అనంతపురంలో, చదివింది హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో, మనకేమిటి సంబంధం అని అడిగాను ఓసారి. “శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్ళు హంద్రీ-నీవా మీదుగా అనంతపురం వెళ్ళటంలా? కృష్ణ నీళ్ళు తాగినవాడు మనవాడు కాకపోతే ఎవడు?” అన్నాడు బాబాయి. నీళ్ళ పంపకాల మీద డెల్టా రైతు నోట ఇంత ఉదారమైన మాట నేను మళ్ళీ వినలేదు.

ఆ మనవాడి హయాంలోనే 2023 అక్టోబరులో యాక్టివిజన్ బ్లిజర్డ్‌ని 6,870 కోట్ల డాలర్లకి కొన్నారు. ఆటల చరిత్రలో అంతకుముందు అంత బేరం లేదు. కొని నాలుగు నెలలు కూడా తిరక్కముందే పైన చెప్పిన 1,900 మంది. 2024 సెప్టెంబరులో ఇంకో 650. 2025 జులైలో కంపెనీ మొత్తం మీద దాదాపు 9,000 మంది. దాంతోపాటు ‘పర్ఫెక్ట్ డార్క్’, ‘ఎవర్‌వైల్డ్’ అనే రెండు ఆటలు పుట్టకముందే పోయాయి. ఇంత దీనస్థితిలో ఉన్న కంపెనీకి ఆ జూన్‌తో ముగిసిన సంవత్సరంలో వచ్చిన నికర లాభం 10,180 కోట్ల డాలర్లు. ఏఐ డేటా సెంటర్ల మీద పెట్టుబడి అదే ఏడాది 8,000 కోట్ల డాలర్లని ముందే చెప్పారు. నాదెళ్ళగారు ఉద్యోగులకి ఉత్తరం రాస్తూ ఈ తొలగింపులు తన మనసుకి చాలా బరువుగా ఉన్నాయన్నారు. లాభాలు పెరుగుతుంటే మనుషులు తగ్గడమేమిటంటే, ఈ రంగంలో విజయమన్నదే ఓ చిక్కు ప్రశ్న అన్న ధోరణిలో సెలవిచ్చారు. ఆ ఏడాదికి ఆయన అందుకున్న ప్రతిఫలం 9.65 కోట్ల డాలర్లు, మన డబ్బుల్లో 850 కోట్ల రూపాయల దరిదాపు. మనసు ఎంత బరువెక్కినా మోయడానికి ఆ మాత్రం ఊతం కావాలి మరి.

ఆ జులైలోనే ఎక్స్‌బాక్స్ విభాగపు అధికారి ఒకాయన లింక్డ్‌ఇన్‌లో ఇంకో మేలైన మాట రాశాడు. ఉద్యోగం పోయి కుంగిపోయినవాళ్ళు తమ బాధ బరువు దించుకోవడానికి చాట్‌జీపీటీనో కోపైలట్‌నో అడిగి చూడొచ్చట. జనం ఉమ్మేయడంతో ఆ రాత తీసేశాడు. నా మటుకు నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. కోపైలట్ కోసమే కదా ఇల్లు ఖాళీ చేయించింది, వెళ్ళేముందు కొత్త అద్దెదారుని పలకరించి వెళ్ళమన్నాడు.

ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కథ ఇంకా ముచ్చటైనది. హైదరాబాద్‌లో కూడా స్టూడియో ఉన్న ఈ కంపెనీని 2025 సెప్టెంబరులో సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి, మరో ఇద్దరు కలిసి 5,500 కోట్ల డాలర్లకి కొనడానికి బేరం కుదుర్చుకున్నారు. అందులో 2,000 కోట్లు అప్పు. ఇలాంటి బేరాల్లో అప్పు తీర్చాల్సిన బాధ్యత కొన్నవాడి జేబు మీద కాకుండా కొన్న కంపెనీ నెత్తిన పడుతుంది. ఆ వడ్డీ కట్టడానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో డెల్టాలో కౌలు రైతుని ఎవరిని అడిగినా చెబుతాడు.

మన దేశంలో ఇలాంటివేవీ లేవనుకోకండి. మనది ఇంకా దగ్గర దారి. ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ బిల్లు 2025 ఆగస్టు 20న లోక్‌సభలో పెట్టి ఆరోజే ఆమోదించారు. 21న రాజ్యసభ. 22న రాష్ట్రపతి సంతకం. భోగి, సంక్రాంతి, కనుమ. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని, అదృష్టమా నైపుణ్యమా అన్న తేడా లేకుండా, ఆడించడం నేరమైంది. టీమిండియా చొక్కా మీద పేరున్న డ్రీమ్11 పందేలు ఆపేసింది, చొక్కా కూడా వదిలేసింది. ఎంపీఎల్ మన దేశంలోని సిబ్బందిలో అరవై శాతాన్ని తగ్గించుకుంటున్నట్టు వార్తలొచ్చాయి. హైదరాబాద్ రమ్మీ కంపెనీ ఏ23 కర్ణాటక హైకోర్టు మెట్లెక్కింది.

ఏటా 45 కోట్ల మంది దాదాపు 20,000 కోట్ల రూపాయలు ఈ ఆటల్లో పోగొట్టుకునేవారన్నది ప్రభుత్వం లెక్క. ఆన్‌లైన్ రమ్మీ మూతపడిందని నేను కన్నీళ్ళు పెట్టను. పొలం పోయిన ఇళ్ళు, ప్రాణం పోయిన ఇళ్ళు మన చుట్టూ ఉన్నాయి. తెలంగాణ 2017లో, మన రాష్ట్రం 2020లో ఈ పని ఎప్పుడో చేశాయి. నా ఫిర్యాదు వేరే. పదేళ్ళపాటు పేకాట కంపెనీలన్నీ ‘గేమింగ్ పరిశ్రమ’ అన్న పట్టుపంచె కట్టుకుని తిరిగాయి. నిజంగా ఆటలు తయారుచేసే కుర్రాళ్ళు, అంటే బొమ్మలు గీసేవాళ్ళు, కథలల్లేవాళ్ళు, తెర మీద పుంజు రెక్క కొట్టుకుంటే ఈక ఎలా ఎగరాలో వారం రోజులు కూర్చుని చూసుకునేవాళ్ళు, ఆ పంచె చాటున కనబడకుండా పోయారు. ఇప్పుడు పోలీసులు వచ్చేసరికి బ్యాంకు మేనేజరు నుంచి ఇంటి ఓనరు దాకా అందరూ వీళ్ళనే అడుగుతున్నారు, “మీది ఆ కంపెనీయేనా?” అని.

పేకాట పెద్దలకి ఓ పాత ధైర్యం ఉండేది. 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ కేసులో సుప్రీంకోర్టు రమ్మీలో నైపుణ్యం పాలు ఎక్కువని చెప్పింది. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు పుణ్యమా అని వచ్చిన తీర్పది. అప్పటినుంచి క్లబ్బుల్లో ముక్కలు పంచే ప్రతి చేతి వెనకా ఆ తీర్పు ఉంది. దాదాపు యాభై ఎనిమిదేళ్ళ తర్వాత ఫోన్లో ముక్కలు పంచడం నేరమైంది. కోడి కాలికి మూడంగుళాల కత్తి కట్టడం సంప్రదాయంగానే ఉంది. ఆట తయారుచేయడం మాత్రం ఏమిటో ఎవరూ తేల్చలేదు.

ఈలోగా మన కాలేజీలు తేల్చేశాయి. బెంజ్ సర్కిల్ నుంచి కానూరు దాకా కోర్సుల ఫ్లెక్సీలు చూస్తే గేమ్ డిజైన్ నేర్చుకోనివాడికి భవిష్యత్తే లేదనిపిస్తుంది. కంప్యూటర్లు లేకపోయినా ఫ్లెక్సీ మీద హెడ్‌సెట్ పెట్టుకున్న పిల్ల నవ్వుతూ ఉంటుంది. ప్రపంచంలో 2023లో పదివేల పైచిలుకు, 2024లో పద్నాలుగువేల పైచిలుకు మంది ఈ రంగంలో ఉద్యోగాలు పోగొట్టుకున్నారని అంచనా. ఇంటర్ ఎంపీసీ మార్కుల మెమో పట్టుకుని ఆ కౌంటర్ ముందు నిలబడ్డ తండ్రికి ఆ అంకె చెప్పేవాడు లేడు. చెప్పినా, “మావాడు బాగా ఆడతాడండీ” అంటాడు.

అమెరికాలో ఓ ఆటల స్టూడియోలో పనిచేసే ఉయ్యూరు కుర్రాడొకడు, బాబాయికి వేలువిడిచిన బంధువు, కిందటేడు ఇలాగే కోతకి గురయ్యాడు. హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి ఉండే గడువు అరవై రోజులు. ఆ అరవై రోజుల్లో వాడు ఉద్యోగం కోసం, వాడి తండ్రి పిల్ల కోసం వెతికారు. ఎవరికి ముందు దొరికితే రెండోవాడి పని తేలికవుతుందని ఇద్దరి ఆశ. పెళ్ళిళ్ళ పేరయ్య బయోడేటా చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించుకున్నాడు.

“ఆటల కంపెనీ అని రాశారేవిటండీ? పిల్లతండ్రులు ఫోన్ పెట్టేస్తారు. ఏఐ అని రాయండి.”

“మావాడికి ఆ ఏఐతో సంబంధం లేదండీ.”

“ఉద్యోగం పోయింది దానికేగా?”

“దానికేనండీ.”

“ఆ సంబంధం చాలు. పిల్ల సంబంధం నేను చూస్తాను.”