బడి గది విషయంలో వినకూడని సలహాలు

వేసవి సెలవుల్లో బడికి మరమ్మతులు మొదలవుతాయి. ప్రధానోపాధ్యాయులు, యాజమాన్య కమిటీ సభ్యులు, ఇంజినీరు, మేస్త్రీ ఒకచోట కూర్చుంటారు. అప్పుడు తలా ఒక సలహా చెబుతారు. చాలావరకు మంచి మనసుతో చెప్పేవే. కానీ వాటిలో కొన్నిటిని పాటిస్తే ఎవరో ఒక పిల్ల బడికి శాశ్వతంగా దూరమవుతుంది. అలాంటి సలహాలను, వాటికి ఇవ్వాల్సిన జవాబులను ఇక్కడ రాస్తున్నాను.

1. "నడవలేని పిల్లలు మన బడిలో లేరు కదా, ర్యాంపు ఎందుకు?"

మెట్లెక్కలేని బిడ్డను తీసుకొచ్చిన తల్లి గుమ్మం చూసి వెనక్కి వెళ్లిపోతే, ఆ బిడ్డ పేరు హాజరుపట్టీలోకే ఎక్కదు. కాబట్టి పట్టీ చూసి అవసరం లేదని తేల్చకండి. బడి భవనంలోకి ఏ అడ్డంకీ లేకుండా వెళ్లగలగాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలు 21. ఆటిజం, చదవడంలో రాయడంలో ఇబ్బంది, తలసేమియా, సికిల్‌సెల్ వంటి పైకి కనిపించనివీ వాటిలో ఉన్నాయి. సికిల్‌సెల్ ఉన్న పిల్లలు తరచూ నీళ్లు తాగాలి, తరచూ మూత్రానికి వెళ్లాలి, నొప్పి వస్తే కాసేపు పడుకోవాలి. ఈ జబ్బు ఎక్కువగా కనిపించే ఏజెన్సీ ప్రాంతాల బడుల్లో తాగునీరు, మరుగుదొడ్డి గదికి దగ్గరగా ఉండటం ఈ పిల్లలకు వైద్యంతో సమానం.

2. "స్థలం తక్కువ, ర్యాంపు కాస్త ఏటవాలుగా పోసేయండి."

ఒక అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు ఉండాలి. అరుగు అడుగున్నర ఎత్తుంటే ర్యాంపు 18 అడుగులు, రెండడుగులుంటే 24 అడుగులు. అంతకంటే కురచగా పోస్తే చక్రాల కుర్చీలో ఉన్న పిల్ల సొంతంగా ఎక్కలేదు. దిగేటప్పుడు కుర్చీ అదుపు తప్పుతుంది. ఎదురుగా చోటు లేకపోతే గోడ వెంబడి తీసుకెళ్లి మలుపు తిప్పండి. మలుపు దగ్గర మీటరున్నర చదును వదలండి. రెండు వైపులా పట్టుకునే కమ్మీలు పెట్టండి, నేలను నున్నగా చేయకండి. తలుపు 90 సెంటీమీటర్లు తెరుచుకోవాలి. ఇంటికి గడప శుభమే, బడి గదికి మాత్రం అది నేలతో సమానంగా ఉండాలి.

3. "ప్రత్యేక అవసరాల పిల్లలకు విడిగా ఒక గది ఇచ్చేద్దాం."

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండల స్థాయిలో భవిత కేంద్రాలు ఉన్నాయి. ఫిజియోథెరపీ, మాట నేర్పే శిక్షణ, ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం అక్కడ దొరుకుతాయి. అవి కావాలి, ఇంకా బలపడాలి. అయితే తెలుగు, లెక్కలు, ఆట, భోజనం తోటివాళ్లతోనే సాగాలి. వైకల్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి చదువుకోవడం, అందుకు తగినట్టు బోధనను మార్చుకోవడం: 2016 చట్టం సమ్మిళిత విద్యకు ఇచ్చిన అర్థం ఇదే. ప్రతి తరగతిలో చాప పరిచిన ఒక నిశ్శబ్దపు మూల ఉంచండి. గందరగోళం భరించలేని ఏ పిల్లవాడైనా అక్కడ కాసేపు కూర్చోవచ్చు. దాన్ని శిక్షకు ఎన్నడూ వాడకండి.

4. "బల్లలు వరుసగా బిగించేస్తేనే క్రమశిక్షణ."

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ సంస్థ చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడుల్లో వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో గుంపులుగా కూర్చుంటారు. ఒక గుంపుకు టీచరు పూర్తిగా తోడుంటారు, ఇంకో గుంపుకు కొంత సాయం చేస్తారు, మరో గుంపు తోటివాళ్ల సాయంతో నేర్చుకుంటుంది, వేరొకటి సొంతంగా పనిచేస్తుంది. పాఠం ముందుకు సాగేకొద్దీ పిల్లలు గుంపు మారతారు. ఈ పద్ధతి స్ఫూర్తితో తమిళనాడు ప్రభుత్వ బడులు గోడల కింది భాగంలో పిల్లలకు అందే ఎత్తున నల్లబల్లలు పెట్టాయి. ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూసే మన ప్రాథమిక బడులకు ఇది బాగా పనికొచ్చే దారి. పిల్లలే జరపగల తేలిక బల్లలు, చాపలు చాలు. చక్రాల కుర్చీ తిరిగే దారి వదిలి, మోకాళ్లు పట్టేలా ఒక బల్ల ఎత్తుగా చేయించండి.

5. "గోడలు తీసేసి పెద్ద హాలు చేద్దాం, ఇప్పుడదే పద్ధతి."

అమెరికా, బ్రిటన్‌లలో 1960, 70లలో గోడల్లేని బడులు చాలా కట్టారు. చప్పుడు తట్టుకోలేక చాలాచోట్ల మళ్లీ అడ్డుగోడలు లేపారు. వినికిడి యంత్రం టీచరు గొంతుతో పాటు ఫ్యాను రొదనూ పక్క తరగతి ఎక్కాలనూ కూడా పెంచి వినిపిస్తుంది. రేకుల కప్పు కింద వాన పడితే ఇక ఏమీ వినబడదు. కాబట్టి గోడలు ఉంచండి, చాపలు, మందపాటి తెరలు వాడండి. టీచరు వెలుతురు ముఖాన పడేలా నిలబడి మాట్లాడితే, పెదవుల కదలిక చూసి గ్రహించే పిల్లలకు పాఠం అందుతుంది.

6. "గోడలన్నీ రంగురంగుల బొమ్మలతో నింపండి."

తలుపు తెరుచుకునే చోట నేల మీద కోణాలు గీస్తే రోజూ లెక్కల పాఠమే. భవనాన్నే బోధనోపకరణంగా మలిచే బాలా పద్ధతి ఇలాంటిదే. ఉపయోగం లేని బొమ్మలు మాత్రం ఆటిజం ఉన్న పిల్లల దృష్టిని చెదరగొడతాయి. నల్లబల్ల ఉన్న గోడను ఖాళీగా వదలండి. ఆ రంగు డబ్బాను మెట్ల అంచులకు వాడండి, చూపు తక్కువ ఉన్నవాళ్లు పడకుండా ఉంటారు.

7. "మరుగుదొడ్డికి తాళం వేద్దాం, పాడవకుండా ఉంటుంది."

తాళం వేసిన మరుగుదొడ్డి లేనట్టే లెక్క. వెళ్లలేమని తెలిసిన ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు, తర్వాత బడి మానేస్తారు. తాళం తీయించండి. శుభ్రం చేసే మనిషిని, నీటిని ఏర్పాటు చేయండి.

8. "ఇవన్నీ మార్గదర్శకాలే, తప్పనిసరేం కాదు."

ఈ వాదనకు కాలం చెల్లింది. హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయం ఇచ్చిన నివేదికను కూడా పరిశీలించి, 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో తీర్పు చెప్పింది. అందుబాటు ప్రమాణాలను సూచనలుగా వదిలేయడం 2016 చట్టానికి విరుద్ధమంది, తప్పనిసరి నియమాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది.

కమిటీ సభ్యులకు నా విన్నపం ఒక్కటే. ప్లాను మీద సంతకం పెట్టకముందే మీ ఊళ్లో బడికి రాలేకపోతున్న బిడ్డ ఎవరో కనుక్కోండి. ఆ బిడ్డను, తల్లిని పిలిచి గేటు నుంచి నల్లబల్ల దాకా, భోజనాల వరండా నుంచి మరుగుదొడ్డి దాకా తిరిగి చూడమనండి. వాళ్లు ఆగిపోయిన ప్రతిచోటా ప్లాను మార్చండి.