ఎర్ర దీపం వెలిగించే పెట్టె: ఒక చార్జింగు పరికరం ఆత్మకథ

విద్యుత్ కారుతో పాటు డిక్కీలో ఇంటికి చేరే చార్జింగు కేబులుకు ఒక కొసన గోడ సాకెట్టులో పెట్టే మూడు పిన్నుల ప్లగ్గు, రెండో కొసన కారుకు తగిలించే ఏడు పిన్నుల టైప్-2 గన్ను, వాటి నడుమ చిన్న దీపాలున్న ఒక నల్లని పెట్టె ఉంటాయి. ఈ ఆత్మకథ ఆ పెట్టెది. చెబుతున్నదీ, కథకు వస్తువైనదీ అదే అయినప్పటికీ, నింద ఎక్కువగా మోసినవారు తమ గురించి తాము చెప్పుకొనేటప్పుడు వాదనకు దిగే ప్రమాదం ఉంటుంది గనుక, అది ఉత్తమ పురుషను విడిచి ప్రథమ పురుషలోనే తన జీవితాన్ని వివరించదలచింది.

ముందుగా చెప్పవలసినది పెట్టె అధికార పరిధి. ఇంటికి వచ్చేది నిరంతరం దిశ మార్చుకొనే ఏకాంతర విద్యుత్తు, అంటే ఏసీ; బ్యాటరీ నిల్వ చేసుకోగలిగినది ఒకే దిశలో సాగే డీసీ మాత్రమే. ఒకదాన్ని మరొకదానిగా మార్చే అసలు చార్జరు కారు లోపలే ఉంటుంది. నడుమ ఉన్న పెట్టెది, అంతా క్షేమమని తేలేవరకు తలుపు తెరవని కావలివాడి ఉద్యోగం. ఐఈసీ 61851 అనే అంతర్జాతీయ ప్రమాణం, సాధారణ సాకెట్టు నుంచి కేబులులోని నియంత్రణ పెట్టె ద్వారా సాగే ఈ పద్ధతిని మోడ్-2గాను, ప్రత్యేకంగా గోడకు బిగించిన యంత్రంతో సాగేదాన్ని మోడ్-3గాను వర్గీకరించింది.

పెట్టెకూ కారుకూ మధ్య సంప్రదింపులు కంట్రోల్ పైలట్ అనే సన్నని తీగ మీద జరుగుతాయి. గన్ను తగిలించక ముందు ఆ తీగ మీద 12 వోల్టులు ఉంటాయి. తగిలించగానే కారులోని రెసిస్టరు వల్ల అది 9కి, కారు సిద్ధమైనప్పుడు 6కి దిగుతుంది. పెట్టె తన వంతుగా అదే తీగ మీద సెకనుకు 1,000 సార్లు పైకీ కిందికీ మారే సంకేతాన్ని పంపుతుంది. ఒక్కో ఆవృత్తిలో ఆ సంకేతం ఎంత శాతం సేపు పై స్థాయిలో ఉన్నదో దాన్ని బట్టి ఎంత కరెంటు తీసుకోవచ్చో కారు గ్రహిస్తుంది: 10 శాతమైతే 6 ఆంపియర్లు, 25 శాతమైతే 15. ఈ ఒప్పందం కుదిరాకే పెట్టెలోని రిలే అనే స్విచ్చు టక్కున మూసుకొని కరెంటును వదులుతుంది. ఆ చప్పుడు వినిపించకపోతే, గన్ను చివరిదాకా దిగిందా, పిన్నుల మీద దుమ్మూ తేమా ఉన్నాయా అన్నది మొదట చూడవలసిన సంగతి.

ఈ పెట్టె విజయవాడలోని ఒక అపార్టుమెంటు సెల్లారుకు చేరిన తొలినాడే ఎర్ర దీపం వెలిగించి అపకీర్తి మూటగట్టుకుంది. కారణం ఎర్తింగు. సక్రమంగా వైరింగు చేసిన సాకెట్టులో ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య సుమారు 230 వోల్టులు, ఫేజుకూ ఎర్తుకూ మధ్య దాదాపు అంతే, న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య సున్నాకు దగ్గరగా ఉండాలి. ఎర్తు తీగ ఎక్కడో తెగినా, అసలు కలపకపోయినా ఈ లెక్క తప్పుతుంది. బల్బూ ఫ్యానూ ఆ తప్పును పట్టించుకోకుండా ఏళ్ల తరబడి పనిచేస్తాయి గనుక, కారు వచ్చేదాకా ఆ ఇంట్లో దాని సంగతి ఎవరికీ తెలియలేదు. తీగలు బాగున్నా నేల సహకరించని సందర్భాలూ ఉన్నాయి. ఎర్తు గుంతలో గొట్టం చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోసేది మట్టి నిరోధాన్ని తగ్గించడానికే కాబట్టి, రోహిణి కార్తెలో గుంత ఎండిపోతే వానాకాలంలో లేని లోపం వేసవిలో బయటపడుతుంది. హైదరాబాదు వంటి రాతినేల మీద ఒక్క గుంత చాలకపోవచ్చు కూడా.

దీపాన్ని పచ్చగా మార్చడానికి కొందరు చేసే చిట్కా ఆ సెల్లారులోనూ జరిగింది: సాకెట్టు వెనుక ఎర్తు పిన్నును చిన్న తీగ ముక్కతో న్యూట్రలుకు కలిపారు. రెండింటి మధ్య తేడా సున్నా అయినందువల్ల పెట్టె మోసపోయి తలుపు తెరిచింది. ఆ తరువాత ఎప్పుడైనా మీటరు వైపు న్యూట్రలు తెగితే, ఇంట్లో వెలుగుతున్న ఏ బల్బు గుండానైనా ఫేజు ఆ తెగిన న్యూట్రలులోకి, అక్కడి నుంచి ఎర్తు పిన్నులోకి, ఎర్తు తీగ వెంట కారు దేహంలోకి చేరుతుంది. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రలులో తిరిగివచ్చిన కరెంటు సమానమేనా అని పోల్చి, సుమారు 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనిపించగానే సరఫరా తెంచే లీకేజి రక్షణ పెట్టెలో ఉన్నా, ఈ దారి ఎర్తు తీగ మీదుగా పోతుంది గనుక ఆ రక్షణకు అది కనిపించదు. నిజమైన పరిష్కారం ఆ తీగ ముక్కను తీసేసి, కొత్త ఎర్తు గుంత తవ్వించి, మీటరు బోర్డు నుంచి ప్రత్యేక లైను లాగినప్పుడే దొరికింది.

పెట్టె జీవితంలో రెండో అధ్యాయం వేడి. సాకెట్టులో వదులైన చోట నిరోధం 0.1 ఓము ఉన్నా, 15 ఆంపియర్ల కరెంటుకు అక్కడ 22.5 వాట్ల వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. గీజరు అదే సాకెట్టు మీద అరగంట నడిచి ఆగుతుంది, కారు మాత్రం రాత్రంతా లాగుతుంది, అందుకే గీజరుకు ఏళ్లపాటు పనికివచ్చిన పవర్ ప్లగ్గు కారుకు కొద్ది నెలల్లోనే గోధుమరంగుకు మాడుతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడకూడదనడానికీ కారణం ఇదే. తీగ మందం సైతం లెక్కలోకి వస్తుంది: 30 మీటర్ల దూరానికి 15 ఆంపియర్లు పోతే, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో సుమారు 11 వోల్టులు, 4 చదరపు మిల్లీమీటర్ల తీగలో సుమారు 4 వోల్టులు దారిలోనే ఖర్చవుతాయి. వేసవి సాయంత్రాల్లో వీధి వోల్టేజి ముందే పడిపోయి ఉంటే, తీగలోని ఈ కొద్ది తగ్గుదలకే చార్జింగు మధ్యలో నిలిచిపోతుంది. ఎయిర్ కండిషనరు, గీజరు, కారు ఒకేసారి నడిచినప్పుడు మెయిన్ ఎంసీబీ పడిపోవడం మాత్రం పెట్టెకు సంబంధించిన లోపమే కాదు. మంజూరైన లోడును విద్యుత్ సంస్థ వద్ద పెంచుకోవలసిన అవసరానికి అది సూచన.

మిగిలిన ఫిర్యాదుల్లో కొన్ని అపోహలు. కారు తెరలో చార్జింగు అర్ధరాత్రి మొదలుకావాలని సమయం పెట్టి మరచిపోతే, సాయంత్రం తగిలించిన గన్ను నిశ్శబ్దంగా వేచి ఉంటుంది. బ్యాటరీ నిండుతున్నకొద్దీ కారు తానే కరెంటు తగ్గించుకోవడం దాని ఆయుష్షు కోసం చేసే పనే. కరెంటు పోయినప్పుడు జనరేటరు సరఫరా మీద పెట్టె ఎర్ర దీపం వెలిగిస్తే మాత్రం, జనరేటరు న్యూట్రలు నేలతో కలపలేదని అనుమానించవచ్చు.

ఇంతకాలపు సేవ తరువాత పెట్టె చెప్పదలచిన మాట ఒక్కటే. లోపాన్ని వెదికేటప్పుడు ఒక్కసారికి ఒక్కదాన్నే మార్చి చూడాలి: అదే పెట్టె, అదే కారు మరో ఇంటి సాకెట్టు మీద పనిచేస్తే లోపం మొదటి ఇంటి వైరింగులో ఉన్నట్టు, అదే సాకెట్టు మీద మరో పెట్టెతో కారు చార్జయితే లోపం మొదటి పెట్టెలో ఉన్నట్టు, ఏ సాకెట్టు మీద ఏ పెట్టెతోనూ చార్జు కాకపోతే కారు లోపల ఉన్నట్టు తేలుతుంది. తీగలను ముట్టుకొనే పని లైసెన్సున్న ఎలక్ట్రీషియనుకు వదిలి, పై పరీక్షను ఇంటివారే చేసుకోవచ్చు. ఆ పరీక్ష చేయకుండా పెట్టెనే మార్చిన ఇంట్లో, ఎర్తు లేని ఆ సాకెట్టు మీద కొత్త పెట్టె కూడా ఎర్ర దీపమే వెలిగిస్తుంది; వెలిగించకపోతేనే భయపడాలి.