వండి కిళంబిడుచ్చు

తెనాలిలో శుభలేఖల షాపు నడుపుతున్న ఒకాయనకు తమిళం రెండే ముక్కలొచ్చు: "వండి కిళంబిడుచ్చు." బండి బయల్దేరింది అని అర్థం. ఈ రెండూ ఆయన పుస్తకం కొని నేర్చుకున్నవి కావు. శివకాశి నుంచి ఫోన్లో వినీ వినీ నోటికొచ్చినవి. మొదటిసారి స్పీకర్లో వినిపించినప్పుడు వాళ్లావిడ వంటింట్లోంచి తొంగిచూసి, "ఏం వండారటండీ?" అంది.

"నా పరువు" అన్నాడాయన.

శివకాశి అనగానే జనానికి టపాకాయలు, అగ్గిపెట్టెలు గుర్తొస్తాయి. ఈయనకు గుర్తొచ్చేవి కార్డులు. వినాయకుడి బొమ్మ, బంగారు రంగు అంచులు అక్కడే అచ్చయి వస్తాయి. వధూవరుల పేర్లు, ముహూర్తం ఇక్కడ ఎక్కించుకోవాలి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి షాపులో ఈగలు తోలుకునే ఆ నెలలోనే శ్రావణానికి సరుకు తెప్పించుకోవాలి. ఆయన ఆషాఢం మొదట్లోనే ఆర్డరిచ్చి, సగం డబ్బు అడ్వాన్సుగా పంపాడు. సప్లయరు "వారంలో వచ్చేస్తుంది సార్" అన్నాడు. ఏ వారమో చెప్పలేదు.

సరుకు విలువ యాభై వేలు దాటితే బండికి ఈ-వే బిల్లు ఉండాలి. మామూలు సరుకుకైతే 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున అది చెల్లుతుంది. శివకాశి నుంచి తెనాలి 900 కిలోమీటర్ల పైచిలుకు, అంటే ఐదు రోజులు. ఈ లెక్క కట్టుకుని ఆయన బిల్లు నంబరు పంపమన్నాడు. "పంపిస్తా సార్" అన్నారు అవతల. బండి బయల్దేరి తొమ్మిది రోజులైంది, బిల్లు మాత్రం ఇంకా పుట్టలేదు. ముహూర్తం పెట్టకుండానే అప్పగింతలైపోయాయన్నమాట.

పదో రోజు నుంచి జవాబు ఒక్క మాటకు కుదించుకుపోయింది: "రేపు." ఒకప్పుడు ఊళ్లలో గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్లు. దయ్యం రోజూ వచ్చి, చదువుకుని, బుద్ధిగా వెళ్లిపోయేదట. ఆ దయ్యం ఎంత మర్యాదస్తురాలో ఆయనకు ఇప్పుడు తెలిసింది.

ఇంతలో ఒక లాయరుగారు వచ్చారు, కూతురి పెళ్లి కార్డుల కోసం. ఆయన కనబడగానే షాపాయన గోడు వెళ్లబోసుకున్నాడు. లాయరుగారు కుర్చీ లాక్కుని, "1872 నాటి కాంట్రాక్టు చట్టం, సెక్షన్ 55" అని మొదలుపెట్టారు. గడువే ముఖ్యమని అనుకున్న ఒప్పందంలో గడువు దాటితే రద్దు చేసుకోవచ్చు. కాదని ఆలస్యంగా వచ్చినదాన్ని పుచ్చుకుంటే, నష్టపరిహారం అడుగుతానని పుచ్చుకునేటప్పుడే చెప్పాలి. లేకపోతే ఆ హక్కు పోయినట్టే. సందర్భం వచ్చింది కదాని ఇంకొకటీ చెప్పారు: ఆ సప్లయరు చిన్న పరిశ్రమగా నమోదై ఉంటే, మహా అయితే సరుకు ముట్టిన 45 రోజుల్లోపు డబ్బు కట్టాల్సిందే. లేదంటే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ.

డబ్బు ఆలస్యమైతే చక్రవడ్డీ, సరుకు ఆలస్యమైతే "రేపు"! షాపాయన ఆవేశంగా సెక్షన్ నంబరు చీటీ మీద రాసుకున్నాడు.

"సరే, ఇంతకీ మా అమ్మాయి కార్డులెప్పుడిస్తావయ్యా?" అన్నారు లాయరుగారు.

చీటీ నెమ్మదిగా జేబులోకి వెళ్లిపోయింది.

పద్నాలుగో రోజు పార్సిల్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. హమాలీ మూడు పెట్టెలు దించాడు. ఒకదాని మూల వానకు మెత్తబడింది. వణికే చేతులతో టేపు చింపితే లోపల వినాయకుడు పొడిగా, నిక్షేపంగా ఉన్నాడు. ఆ ఆనందంలో ఆయన హమాలీకి టీ తెప్పించాడు, రసీదు మీద సంతకం పెట్టాడు, సప్లయరుకు ఫోన్ చేసి థాంక్స్ కూడా చెప్పాడు. జేబులో చీటీ జేబులోనే ఉంది.

తర్వాత పెట్టెలన్నీ వెతికాడు. కార్డులున్నాయి, కవర్లు లేవు. మళ్లీ ఫోన్ చేశాడు. కవర్లు వేరే బండిలో వేశారట.

సాయంత్రం లాయరుగారి దగ్గర్నుంచి ఫోను. పసుపు కలిపి పెట్టుకుని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నారట.

"కిళంబిడుచ్చు సార్!" అన్నాడు షాపాయన.