పొదుపు పెట్టెను

నేను రేకు పెట్టెను. 1993లో నెల్లూరు జిల్లాలోని ఒక పల్లెలో పదిహేనుమంది ఆడవాళ్లు తలా కాస్త వేసుకుని నన్ను కొన్నారు. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరు అప్పటికి జిల్లా అంతా అంటుకుంది. ఆ ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా బంద్. సారా అంగడి పాలయ్యే డబ్బులోంచి రోజుకో రూపాయి నాలో పడాలన్నది వాళ్ల పంతం. ఈ పొదుపును పొదుపులక్ష్మి అనేవాళ్లు. నెలకు 450 రూపాయలు.

పెట్టె ఒకరింట్లో, తాళంచెవి ఇంకొకరింట్లో. అదీ కట్టుబాటు.

ఒక వానరాత్రి తలుపు దబదబా కొట్టారు. "అక్కా, కోడలికి బిడ్డ అడ్డం తిరిగిందంట. టౌనుకు తీసకపోవాల." తాళంచెవి కోసం ఒకామె చీకట్లో పరుగెత్తింది. లాంతరు వెలుగులో నా మూత మీదే లెక్కపెట్టారు: నలిగిన పది నోట్లు, ఐదు నోట్లు, చిల్లర. ఆరు వందలు. నూటికి రెండు వడ్డీ, ఒక వేలిముద్ర. వడ్డీ వ్యాపారికైతే నూటికి ఐదు, పైగా తాకట్టుకు బిందె, తెల్లారేదాకా ఎదురుచూపు. తల్లీ బిడ్డా దక్కారు. నా బతుకులో అంతకంటే గొప్ప రాత్రి లేదు.

నా కడుపులోని అప్పుల పుస్తకంలో 'ఎందుకు' అనే గడి ఉండేది. విత్తనాలు, గేదె, కాన్పు, పాముకాటు. ఒక వానాకాలం వరసగా ఏడుగురి పేర్ల పక్కన 'జ్వరం' అని పడింది. రాత్రిబడిలో చదువు నేర్చినామె దాన్ని పైకి చదివింది. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మర్నాడే పారలు పట్టి, బోరింగు చుట్టూ నిలిచిన మురుగుకు కాలవ తీశారు. ఆ పని ఎవరూ చెప్పి చేయించింది కాదు.

ఇప్పుడు డబ్బంతా బ్యాంకులో. నాలో పాత పుస్తకాలు, ఎవరో మింగకుండా వదిలేసిన ఐరన్ మాత్రలు. మీటింగంటే కంతు కట్టి సంతకం పెట్టడమే అయింది; ఒంట్లో ఎలా ఉందని అడిగేవాళ్లు లేరు. అదే నా బాధ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఆ లెక్కన నా చుట్టూ కూర్చున్న పదిహేనుమందిలో ఎనిమిది, తొమ్మిది మంది.

అమ్మల్లారా, కంతు కట్టి లేచేముందు పక్కనామెను అడగండి: "నీకు రక్తం ఎన్ని పాయింట్లుంది?" పన్నెండుకు తగ్గిందంటే ఆసుపత్రికి ఆమెను ఒంటరిగా పంపకండి.