తిరుగు టపా కోసం

“ఒక కార్డు ముక్క రాసి పడెయ్యి” అని మన ఇళ్లలో ఎన్ని వేలసార్లు అనుకుని ఉంటారో! ఆ కార్డు ముక్కనే నేను. 1879లో ఈ దేశంలో తొలి పోస్టుకార్డు వెల పావు అణా. నా వంశం అంత చవక. మూత లేదు, ముడుపు లేదు. దారిలో ఎవరు చదివినా అభ్యంతరం లేదు. అలాంటి నన్ను ఇవాళ ఢిల్లీలో ఇనుప బీరువాలో, అట్టపెట్టెలో, వరస అంకె వేసి మరీ దాచారు.

నా బతుకు మొదలైంది గుండుగొలనులో. ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ నడుమ, కొల్లేటికి ఎగువన ఉన్న ఊరది. ఊరి పేరులోనే కొలను ఉంది. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1880 నవంబరు 24న పుట్టింది అక్కడే. ఆయన బందరులో వైద్యం చేశారు. 1919లో ‘జన్మభూమి’ అనే ఇంగ్లీషు వారపత్రిక పెట్టారు, 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. కాంగ్రెసుకు యాభై ఏళ్లు నిండిన 1935లో దాని చరిత్రను ఇంగ్లీషులో పెద్ద గ్రంథంగా రాశారు. 1942లో నెహ్రూ, పటేల్, ఆజాద్‌లతోబాటు అహ్మద్‌నగర్ కోటలో ఖైదయ్యారు. ఆ జైలు రోజుల రాతలే 1946లో ‘ఫెదర్స్ అండ్ స్టోన్స్’ పుస్తకమయ్యాయి. 1948 డిసెంబరులో జైపూర్ కాంగ్రెసుకు అధ్యక్షత వహించారు. అంతటివాడు మా ఊరి బిడ్డ అని ఊరంతా గర్వంగా చెప్పుకునేది.

ఆ గర్వంతోనే, 1949 వేసవిలో ఒక బడిపంతులు పట్టాభిగారికి రాద్దామని నన్ను కొని తెచ్చుకున్నాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, అట్ట మీద నన్ను పెట్టుకుని, పాళీని సిరాబుడ్డిలో ముంచి, అంచుకు ఒకసారి రాసి, దీర్ఘంగా ఆలోచించాడు. తెలుగులో నమస్కారాలతో మొదలుపెట్టాడు. ఇక్కడ అంతా క్షేమమన్నాడు. కొల్లేరు బాగా తీసిందని, గట్ల దాకా నడిచి పోగలుగుతున్నామని రాశాడు. పెద్దమ్మాయిని తాడేపల్లిగూడెం ఇచ్చామని, కుర్రవాడు బుద్ధిమంతుడని రాశాడు. అప్పుడు పాళీ ఆగింది. సిరా చుక్క ఒకటి నా మీద రాలింది. ఆ మరక ఇప్పటికీ ఉంది.

ఆ తరువాత రాసిందే అసలు సంగతి. ఆ ఏప్రిల్‌లో జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభి ముగ్గురూ కలిసి భాషారాష్ట్రాల మీద నివేదిక ఇచ్చారు. ముగ్గురి పేర్ల తొలి అక్షరాలతో జనం దాన్ని జె.వి.పి. నివేదిక అన్నారు. మద్రాసు నగరం మీద పట్టు వదిలితే ఆంధ్ర రాష్ట్రం సంగతి చూడవచ్చన్నది అందులోని మాట. తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం కావాలని ఎన్నో ఏళ్లుగా వాదించినవాడు మన పట్టాభిగారేనాయె! “తమరే ఉండగా మద్రాసు లేకుండానా మనకు రాష్ట్రం? ఎప్పటికి వచ్చేను?” అని మాస్టారు అడిగాడు. కోపం లేదు. ఇంటి పెద్దను ఇంటివాడు అడిగినట్టు అడిగాడు. చోటు అయిపోతే నన్ను పక్కకు తిప్పి అంచు మీద రాశాడు. అదీ చాలక చిరునామా పక్కనున్న జాగాలోకి దిగాడు. ఆఖరి పంక్తి ఇది: తిరుగు టపాలో జవాబు దయచేయవలెను.

చిరునామా మాత్రం ఇంగ్లీషులో రాసి, మర్నాడు తపాలా డబ్బాలో వేశాడు. భీమడోలు స్టేషన్‌లో సంచిలో పడ్డాను. ఏలూరు దాటి బెజవాడ చేరాను. అక్కణ్ణించి ఢిల్లీ బండి. ఆ తరువాత తెలుగు మాట వినడమే అరుదైపోయింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మద్రాసు రాలేదు. దానికి ముందు, 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు ఆ రాష్ట్రం కోసమే ఆహారం మానేసి ప్రాణం ఇచ్చారు. మాస్టారి ప్రశ్నకు కాలం ఇలా జవాబు చెప్పింది. పట్టాభిగారు 1959 డిసెంబరు 17న కన్నుమూశారు. పెద్దవాళ్లు పోయాక వాళ్ల కాగితాలకు దిక్కుండదు. నా అదృష్టం కొద్దీ ఆయన కాగితాలతోబాటు నేనూ తీన్‌మూర్తి భవన్ ఆవరణలోని గ్రంథాలయం చేరాను.

అక్కడ నాకు మళ్లీ పుట్టినట్టయింది. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపారు. తుప్పు పట్టిన గుండుసూదిని మెల్లగా తీశారు. చినిగిన మూలకు పల్చటి టిష్యూ కాగితం అంటించారు. తేదీ చూసి వరసలో పెట్టారు. మమ్మల్ని చదవడానికి వచ్చేవారు సిరా కలం తేకూడదు, పెన్సిలు మాత్రమే వాడాలి. ఒక కార్డు ముక్కకు ఇంత మర్యాద!

పెట్టెలో పడుకుని నేను తెలుసుకున్న సత్యం ఒకటుంది. ఒక మనిషి కాగితాలు అంటే ఆయన రాసినవే అనుకుంటాం. చూడబోతే ఎక్కువ భాగం ఆయనకు ఇతరులు రాసినవి. ఆయన రాసిన ఉత్తరాలు అందుకున్నవాళ్ల ఇళ్లకు పోయాయి. సంభాషణలో సగం ఇక్కడ బీరువాలో ఉంది, తక్కిన సగం ఊళ్లలో చెల్లాచెదురుగా ఉంది. ప్రశ్న ఢిల్లీలో ఉంటే జవాబు గుండుగొలనులోనో, ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో ఉండాలి.

మాస్టారింట్లో ఉత్తరాల తీగ ఉండేది. అడుగున చెక్క బిళ్ల, పైన కొక్కెం. దూలానికి వేలాడేది. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ చదివి, నడిమికి గుచ్చి కిందికి నెట్టేవారు. పెళ్లి శుభలేఖలు, శిస్తు రసీదులు, అన్నీ దానికే. నాకు జవాబు వచ్చి ఉంటే దాని నడుమ కూడా ఒక చిల్లు ఉంటుంది. ఆ చిల్లు కాగితం కోసమే ఇన్నేళ్లుగా ఎదురుచూస్తున్నాను.

ఒకరోజు ఒక అమ్మాయి నన్ను బల్ల మీదికి తెప్పించుకుంది. ఏలూరు పిల్ల. అంచు మీది రాత చదవడానికి నన్ను తిప్పుతూ, పెదవుల మధ్య మెల్లగా చదువుకుంది. ‘కొల్లేరు బాగా తీసింది’ అనే మాటను మావాళ్లు పలికినట్టే పలికింది. ఎన్ని దశాబ్దాలకు విన్నాను ఆ యాస! తీగ సంగతి ఆమెకూ తెలుసు. పక్కనున్న స్నేహితురాలితో అంది: “మా తాతయ్యగారింట్లో ఇలాంటివి తీగెడు ఉండేవే. ఇల్లు పడగొట్టి డాబా వేసినప్పుడు పాత కాగితాలవాడికి తూకానికి వేసేశాం.” ఆ మాట అన్నాక చాలాసేపు పెన్సిలు కదపలేదు.

నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. ఏ పాపమూ తెలియక చేసే పనే అది. బుడమేరు, తమ్మిలేరు పొంగి వచ్చి చేరే కొల్లేటి సీమలో కాగితానికి నీళ్ల గండం ఎప్పుడూ ఉంది. చెదల గండం ఉంది. వాటిని తట్టుకున్నవి కూడా పాత ఇంటితోబాటు పోతున్నాయి. గురజాడ అప్పారావుగారి డైరీలు, లేఖలు ఎవరో దాచబట్టి, విశాలాంధ్రవారు అచ్చు వేయబట్టి, ఆయన మనసు మనకు తెలిసింది. కథకుడు కారా మాస్టారు శ్రీకాకుళంలో 1997లో కథానిలయం తెరవబట్టి, పాత పత్రికల్లో పడి ఉన్న కథలు ఒక గూటికి చేరాయి. భీమవరం దగ్గర కుముదవల్లివాళ్లు 1897లోనే ఊళ్లో గ్రంథాలయం పెట్టుకున్నారు. దాచే బుద్ధి మనవాళ్లకు లేకపోలేదు. దాచదగినవి మన ఇంట్లోనే ఉన్నాయన్న నమ్మకమే తక్కువ. తాతయ్య రాసిన పద్యాల పుస్తకం, నాయనమ్మ పద్దు, ఊరి బడిపంతులు దినచర్య కూడా సాహిత్యమే, చరిత్రే.

కాబట్టి కొల్లేటి గాలి పీల్చినవాళ్లందరికీ నాదొక మనవి. అటక మీది ట్రంకుపెట్టె మూత తీసి, కలరా ఉండలు వేసే ముందు ఒక్కసారి లోపల చూడండి. సూదులు తీసేయండి. ఎండలో కాక నీడలో ఆరబెట్టండి. ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారో పెన్సిలుతో ఒక చీటీ మీద రాసి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లు ఉండగానే అడిగి తెలుసుకోండి. ఫొటో తీసి ఉంచండి. కాగితం అక్కర్లేదనుకుంటే గ్రంథాలయానికి ఇవ్వండి. తూకానికి మాత్రం వేయకండి.

వాటిలో నడుమ చిల్లున్న పాత ఉత్తరం ఒకటి కనబడి, అందులో “కొల్లేరు తీసిందన్న కబురు సంతోషం, అమ్మాయికి ఆశీస్సులు” అన్నట్టు ఏ మాటైనా ఉంటే, అది నాకు రావలసిన తిరుగు టపా. దాన్ని ఢిల్లీ పంపనక్కర్లేదు. పైకి చదవండి చాలు.