జ్వరాల లెక్క చూసే అధికారి గారికి బెంజ్ సర్కిల్ నుంచి ఒక అర్జీ

మహారాజశ్రీ అధికారి గారి సముఖానికి,

విజయవాడ బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ నీడన కాపురముండే ఒక జ్వరపీడితుడు రాసుకునే మనవి. విషయం: 2021 వానాకాలంలో నాకొచ్చిన జ్వరానికి ఇంతవరకు పేరు పెట్టకపోవడం.

లెక్కపెట్టలేదని అననండి. యాభై ఇళ్లకొకరు చొప్పున సర్కారు వేసిన వాలంటీరమ్మాయి వచ్చి గుమ్మం బయటే నిలబడి ఆరా తీసింది. వెనకాలే ఆశా కార్యకర్త వచ్చి నుదుటికి థర్మామీటరు గన్ను గురిపెట్టింది. మందుల షాపులో పారాసిటమాల్ అడిగితే ఫోన్ నంబరు రాయించుకున్నారు. చివరికి ముక్కులో పుల్ల. మర్నాడు మెసేజీ వచ్చింది: నెగెటివ్. ఆ సాయంత్రం నుంచి మా గడప తొక్కిన వారు లేరు. నాకేమో ఒళ్లంతా రోకళ్లతో దంచినట్టుంది, మా ఆవిడ మిరియాల కషాయం పోస్తూనే ఉంది. సర్కారు కాగితం ప్రకారం మాత్రం నేను శుభ్రంగా ఉన్నాను.

కరోనా కాదన్నారు, సంతోషం. మరి ఏమిటండీ అది? మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు విజృంభిస్తుంది, వానల్లో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా ఇంకోసారి. తమ దగ్గర ఫారాలకూ లోటు లేదు. ఏఎన్ఎం లక్షణాలు రాసేది ఎస్, డాక్టరు అనుమానం రాసేది పీ, ల్యాబు తేల్చింది రాసేది ఎల్. నా జ్వరం ఎస్‌లో మూలిగి, పీలో దగ్గి, ఎల్ గుమ్మంలో ప్రాణం విడిచింది. అదే పుల్ల మీద ఫ్లూని కూడా వెతకొచ్చని తమకు నేను చెప్పాలా?

పైగా మాది మామూలు చోటు కాదు. చెన్నై–కోల్‌కతా రోడ్డూ బందరు రోడ్డూ ఇక్కడే కలుస్తాయి. హైదరాబాదు దగ్గు, మద్రాసు తుమ్ము, బందరు పడిశం మా వీధిలోనే బస్సు దిగుతాయి. ఫ్లూని కాపు కాయాలంటే ఇంతకన్నా మంచి చెక్‌పోస్టు ఎక్కడ దొరుకుతుంది?

మాస్కులు కట్టుకుని తలుపులు బిగించుకున్నాక 2020లో ప్రపంచమంతటా ఫ్లూ బాగా తగ్గింది. యమగాటా అనే బి రకం వంశమైతే ఆ ఏడాది మార్చి తర్వాత రూఢిగా ఎక్కడా దొరకలేదు. ఇక టీకాలో అది అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అన్నేళ్లు వెతికారు కాబట్టి అంత మాట అనగలిగారు. మరి మా వీధిలో ఫ్లూ సున్నా అంటే, లేనట్టా, చూడనట్టా?

2023 మార్చిలో టీవీలు హెచ్3ఎన్2 అని గగ్గోలు పెడితే, కొత్త రోగమట అని మా మేడ మీద వాళ్లు బట్టలు కూడా ఆరేయలేదు. అదీ ఫ్లూనే, 1968 నుంచి ప్రపంచమంతా తిరుగుతున్న పాత చుట్టం!

కనుక తమరు దయతలచి పాత రిజిస్టర్లు తిరగేసి, నా జ్వరానికి ఏదో ఒక పేరు ఖాయం చేయగలరు. వీలుకాదంటే వచ్చే వానలకి ఇంకో జ్వరం తెచ్చుకోవడానికి నేను సిద్ధమే, పుల్ల మాత్రం రెండింటికీ చూడమనండి.

ఇట్లు,
తమ విధేయుడు,
నెగెటివ్