ఒకటో తరగతి చిట్టితల్లికి ఒక ఉద్యోగ సలహా

చిట్టితల్లీ,

నీకు ముందుపళ్లు ఊడుతున్నాయి కాబట్టి, నీ పెళ్లి గురించి మాట్లాడుకోవడానికి ఇదే సరైన వయసు. నవ్వకు. పెద్దయ్యాక టీచరమ్మనవుతానని ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చెబుతున్నావట. నిజంగా అంత కోరిక ఉంటే, మీ ఆయన ఏ జిల్లాలో కాపురం పెడతాడో బడులు తెరిచేలోగా తేల్చుకో. డిగ్రీ అయ్యాక చూద్దాంలే, బీఎడ్ అయ్యాక చూద్దాంలే అన్నావంటే నిండా మునిగినట్టే.

నువ్వు చదివేది జగ్గయ్యపేటలో కదా. రేపు నీకు కోదాడ సంబంధం కుదిరిందనుకో. బస్సెక్కితే గంట పట్టని ఊరు. అదే భాష, అదే పప్పుచారు. మధ్యలో ఒక రాష్ట్ర సరిహద్దు. అత్తారింటికి వెళ్లాక ఆధార్‌లో అడ్రసు మారుతుంది, రేషన్ కార్డులో పేరెక్కుతుంది, ఓటొస్తుంది, ఇంటిపేరు కూడా మారిపోతుంది. రెండో తరగతి చదివిన ఊరు మాత్రం మారదు. టీచరు పోస్టుల డీఎస్సీ దరఖాస్తు పట్టుబట్టి అడిగేది దాన్నే.

తెలంగాణకు 2018లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల లెక్క ఇది: ఒకటి నుంచి ఏడు దాకా ఉన్న తరగతుల్లో నాలుగేళ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకు నువ్వు స్థానికురాలివి. పోస్టుల్లో 95 శాతం వాళ్లకే. మిగిలిన 5 శాతం నీదనుకోకు, అక్కడా స్థానికులు నీతో పోటీ పడతారు. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు వేశారంటే గొప్పగానే వినపడుతుంది. వాటిని 33 జిల్లాలకు పంచి, సబ్జెక్టుల వారీగా కోసి, మీడియం వారీగా చీల్చి, రోస్టరు వేసి చూడు. జిల్లాకు ఒక సబ్జెక్టులో పన్నెండు పోస్టులు వచ్చాయనుకుందాం. పన్నెండులో అయిదు శాతమంటే సున్నా పాయింట్ ఆరు టీచరమ్మ. ఆవిడ బోర్డు మీద రాయగలదేమో గానీ, చెరిపేదాకా నిలబడలేదు.

డీఎస్సీ ఏటా వచ్చే పండగ కూడా కాదు. తెలంగాణలో 2017లో 8,792 పోస్టులకు నోటిఫికేషన్ వేశాక, మళ్లీ పరీక్ష దాకా వెళ్లిన నోటిఫికేషన్ 2024దే. ఆ ఎడంలో ఒక పిల్ల ఒకటో తరగతిలో చేరి, ఏడు పూర్తి చేసి, పూర్తిస్థాయి స్థానికురాలై బయటికొచ్చేయగలదు.

ఈ నిబంధన ఎవరో పనిలేక పుట్టించింది కాదు, ఆ మాట నీకు చెప్పకపోతే పాపం. 1952లో వరంగల్‌లో విద్యార్థులు రోడ్డెక్కింది, బయటివాళ్లను తెచ్చి బడుల్లో పెడుతున్నారనే. ఆ గొడవ హైదరాబాదుకు పాకి, సిటీ కాలేజీ దగ్గర తుపాకులు పేలి, పిల్లల ప్రాణాలు పోయాయి. ఆంధ్రను, తెలంగాణను కలిపేటప్పుడు 1956లో ఇచ్చిన హామీలు నిలవలేదు, 1969లో మళ్లీ నెత్తురు పారింది. 1973లో రాజ్యాంగాన్ని సవరించి 371డి అధికరణం పెట్టారు, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు తెచ్చారు. దాన్నీ తుంగలో తొక్కారని ప్రభుత్వమే ఒప్పుకుని 1985లో 610 జీవో ఇచ్చుకుంది. పైరవీలతో, దొంగ సర్టిఫికెట్లతో వచ్చి కుర్చీలెక్కిన వాళ్ల కోసం కట్టిన కంచె ఇది. కట్టడం న్యాయమే. కాకపోతే పైరవీ ఉన్నవాడు కంచె ఎప్పుడూ దూకుతూనే ఉన్నాడు, చిక్కుకున్నది పెళ్లి చేసుకుని వచ్చిన పిల్ల.

ఇంకో సంగతి, ఇది మీ సాంఘికశాస్త్రం పుస్తకంలో ఉండదు. నిజాం కాలపు ముల్కీ నిబంధనలున్నాయే, 1919 ఫర్మానాతో వచ్చినవి, వాటిలో రెండు వెసులుబాట్లు ఉండేవి. పదిహేనేళ్లు ఇక్కడే ఉండి, ఇక తిరిగి వెళ్లే ఉద్దేశం లేదని రాసిస్తే నువ్వు ముల్కీవి. ముల్కీ భార్యవైతే ఆ పదిహేనేళ్లూ అక్కర్లేదు, మూడు ముళ్లు పడగానే నువ్వూ ముల్కీవే. అది రాచరికం, ఫ్యూడల్ పాలన, దుర్మార్గం. ఇప్పుడున్నది గణతంత్రం. ఇక్కడ కోదాడలో నలభై ఏళ్లు కాపురం చేసి, ఇద్దర్ని కని, వాళ్లకు పెళ్లిళ్లు చేసి, అక్కడే ముసలిదానివైనా నీ రెండో తరగతి జగ్గయ్యపేటలోనే ఉంటుంది. నీ కూతురు స్థానికురాలు, నీ కోడలు స్థానికురాలు, మధ్యలో నువ్వు అతిథివి. నిజాం సర్కారు తాళిని లెక్కలోకి తీసుకుంది. మన సర్కారుకు తాళి గుర్తొచ్చేది కల్యాణలక్ష్మి పథకానికి ఫ్లెక్సీలు కట్టేటప్పుడే.

ఇటునుంచి అటు వెళ్లేవాళ్లకు మాత్రం కొన్నాళ్లు ఒక కిటికీ తెరిచారులే. తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు తరలిపోయిన వాళ్లను స్థానికులుగా చూస్తామని, మూడేళ్లనుకున్న గడువును పొడిగిస్తూ పొడిగిస్తూ 2024 జూన్ 2 దాకా లాక్కొచ్చారు. ఇటువైపు వచ్చేదానికి ఆ కిటికీ కూడా లేదు. సెక్రటేరియట్‌తో పాటు తరలిన వాళ్లది వలస, మొగుడితో పాటు తరలిన దానిది సరదా కామోసు.

అందుకే నా సలహా విను. ఉత్తర్వులు రెండూ పక్కపక్కన పెట్టి చదివితే చక్కటి దారి ఒకటుంది. తెలంగాణ ఉత్తర్వు ఒకటి నుంచి ఏడు మధ్యలో నాలుగేళ్లు చూస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో నడిచిన 1975 నాటి ఉత్తర్వు పదో తరగతితో ముగిసే వరస నాలుగేళ్లు చూసింది. కాబట్టి నాలుగో తరగతి దాకా కోదాడలో చదువు, ఆ తర్వాత జగ్గయ్యపేట బడికి వచ్చి అక్కడే పది పాసవ్వు. రెండు చోట్లా స్థానికురాలివి! రోజూ ఆరేళ్ల పిల్ల రాష్ట్రం దాటి బడికెళ్లడమేమిటని మీ అమ్మ అంటే, దీన్ని కెరీర్ ప్లానింగ్ అంటారని చెప్పు.

టీచర్ల అర్హత పరీక్ష టెట్ గురించి ఎక్కువ చెప్పను. 150 ప్రశ్నలు, 90 వస్తే జనరల్‌లో పాసు. ఒకప్పుడు ఏడేళ్లే చెల్లేది, 2021లో జీవితాంతం చెల్లుతుందని ప్రకటించారు. ఏ రాష్ట్రం టెట్ ఆ రాష్ట్రం బడుల కోసం కాబట్టి, నీ జీవితాంతం సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దాకా. దాటాక మళ్లీ ఫీజు కట్టు, మళ్లీ పియాజే సైకాలజీ చదువు, మళ్లీ రాయి. అవే తొంభై మార్కులు.

ఇదంతా ఎందుకు, కోదాడలోనే ప్రైవేటు బడిలో చేరిపోతానంటావా? చేరు. అక్కడ రెండో తరగతి ఎవరూ అడగరు. టెట్ ఎందుకంటారు. బీఎడ్ ఉంటే మంచిదే, లేకపోతే ఇంకా మంచిది, జీతం ఇంకాస్త తగ్గుతుంది. ముందు డెమో. ఎనిమిదో తరగతి, పదిహేను నిమిషాలు, కాంతి పరావర్తనం చెప్పమంటారు. వెనక బెంచీలో కరస్పాండెంటు గారు ఫోను చూసుకుంటూ కూర్చుంటారు. దర్పణం గీసి, లంబం గీసి, పతన కిరణం గీస్తుండగా ‘చాలు మేడమ్, ఆఫీసులోకి రండి’ అంటారు. అసలు ఇంటర్వ్యూ అక్కడ. మీ ఆయన ఏం చేస్తారు? ట్రాన్స్‌ఫర్లుంటాయా? పిల్లలెంతమంది? ఇంకా ప్లానేమైనా ఉందా? అత్తగారు ఇంట్లోనే ఉంటారా?

‘జగ్గయ్యపేటలో ఆరేళ్లు చెప్పాను సార్’ అంటావు.

‘అక్కడి ఎక్స్‌పీరియెన్సు ఇక్కడ లెక్కకు రాదు మేడమ్. సిలబస్ వేరు కదా. ముందు పన్నెండు వేలు ఇస్తాం, మీ పని చూసి పెంచుదాం.’

పతన కోణం పరావర్తన కోణానికి సమానమన్నది జగ్గయ్యపేటలో ఎంత నిజమో కోదాడలోనూ అంతే నిజమని నీకు నోటిదాకా వస్తుంది. అనకు. ఒరిజినల్స్ ఇచ్చి వెళ్లమంటారు, ‘మా దగ్గర సేఫ్‌గా ఉంటాయి’ అని. బీరువా తాళం వాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి సేఫే, నువ్వు మధ్యలో మానేస్తానన్న రోజున అవి ఎంత సేఫ్‌గా ఉన్నాయో నీకే తెలుస్తుంది. ఇక ఏప్రిల్, మే నెలల్లో కరపత్రాలు పట్టుకుని అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగాలి. ఏ సందులో ఏ ఇంట్లో మూడేళ్ల పిల్లాడున్నాడో, ఏ తండ్రి ఫీజులో బేరమాడతాడో, ఏ తాత ఇంగ్లిష్ మీడియమే కావాలంటాడో, ఎవరింటి కుక్క కరుస్తుందో నీకు తెలిసినంతగా ఆ ఊళ్లో పుట్టిన మండల విద్యాధికారికీ తెలియదు. అయినా నువ్వు నాన్‌లోకల్.

ఎప్పుడైనా జీతం పెంచమని అడిగితే కరస్పాండెంటు గారు కోప్పడరు, నవ్వుతారు. ‘డీఎస్సీ మీకెలాగూ రాదు కదా మేడమ్, ఎక్కడికి వెళ్తారు?’ ఆయన రాష్ట్రపతి ఉత్తర్వు చదివి ఉండరు. కానీ జీతం పట్టీ దాన్ని బట్టే వేస్తారు. సర్కారు ఒక తలుపు మూసిన ప్రతిసారీ పక్క తలుపు దగ్గర మనిషి ధర పడిపోతుంది, ఆ తేడా ఎవరి జేబులోకి వెళ్తుందో ఏ ఉద్యమమూ అడగలేదు.

ఇంత తిప్పలు పడలేనంటే ఇంకో ఉద్యోగం ఉంది, అది చాలా తేలిక. రాజ్యసభకు వెళ్లు. ఒక రాష్ట్రం తరఫున అక్కడ కూర్చోవాలంటే ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న నిబంధనను 2003లో తీసేశారు. 2006లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. జిల్లాను ఏలే కలెక్టరు బిహార్ నుంచి రావచ్చు. రాష్ట్రం గొంతు ఢిల్లీలో వినిపించడానికి ఎక్కణ్నుంచైనా రావచ్చు. రెండో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్పడానికి మాత్రం రెండో తరగతి అక్కడే చదివి ఉండాలి.

కేంద్రీయ విద్యాలయం ఒకటి మిగిలింది. దేశంలో ఎవరైనా రాయొచ్చు, ఎక్కడికైనా వేస్తారు. అయితే అప్పుడు నువ్వు మీ ఆయన వెంట కాదు, ఆయనే నీ వెంట రావాలి. అలాంటి అల్లుణ్ని మన పెళ్లిళ్ల పేరయ్యలు ఇంకా చూడలేదు.

కాబట్టి మీ నాన్నతో ఇవాళే చెప్పు. రేపు నీ బయోడేటా రాసేటప్పుడు నక్షత్రం, గోత్రం, ఎత్తు, రంగు తర్వాత ‘ఒకటి నుంచి ఏడు వరకు చదివిన జిల్లా’ అని ఇంకో గడి కొట్టించమను. గోత్రం కలిస్తే తప్పుగానీ జిల్లా కలిస్తే తప్పులేదు, ఏ పంచాంగమూ అడ్డు చెప్పదు. అబ్బాయి తరఫువాళ్లు కట్నం మాటెత్తితే స్టడీ సర్టిఫికెట్ బల్ల మీద పెట్టి, తొంభై అయిదు శాతం కోటాలో ఉన్న పిల్లనివ్వడానికి వాళ్లెంత ఇస్తారో అడగమను.